రోజువారీ ప్రశ్నలకు సోషల్ మీడియాలో జవాబు రాబట్టడం: 36 ప్రశ్నల డైరీ

కుళాయి కారుతోందని స్టేటస్ పెడితే 14 జవాబులొచ్చాయి. కుళాయి మాత్రం కారుతూనే ఉంది. ఈ లెక్క రాయడం అక్కడ మొదలుపెట్టాను.

ఇంట్లో, పనిలో ఎదురయ్యే చిన్న చిన్న ప్రశ్నలను సోషల్ మీడియాలో అడిగి, వచ్చిన జవాబుతో నిజంగా పని అయిందా లేదా అని పన్నెండు వారాలు రాసుకున్నాను. ఎవరైనా ఇదే చేయాలనుకుంటే నేను పడిన గుంతల్లో పడకుండా ఉంటారని ఇక్కడ పెడుతున్నాను. నెగ్గినవాటికంటే చెడినవాటి గురించే ఎక్కువ ఉంటుంది.

## దశ 0: పనిముట్లు, లెక్క పద్ధతి

వాడినవి: ఫోన్, ఒక స్ప్రెడ్‌షీట్, ఒక స్కేలు (ఎందుకో కింద చెబుతాను), అడిగే ముందు ప్రశ్న రాసుకోవడానికి ఒక నోట్‌బుక్.

షీట్‌లో మొదట పెట్టిన కాలమ్‌లు మూడే: ప్రశ్న, ఎక్కడ అడిగాను, ఎన్ని జవాబులొచ్చాయి. రెండో వారానికే ఇది చాలదని తెలిసింది. పది జవాబులొచ్చిన ప్రశ్నకు ఏ పనీ కాలేదు, ఒక్కటే వచ్చినదానికి పదిహేను నిమిషాల్లో పని అయిపోయింది. అందుకని కాలమ్‌లు మార్చాను:

1. మొదటి జవాబుకు పట్టిన సమయం
2. మొత్తం జవాబులు
3. వాటిలో నన్ను తిరిగి ప్రశ్న అడిగినవి
4. నేను చేసి చూశానా
5. చేస్తే పని అయిందా

అయిదో కాలమ్ ఒక్కటే అసలు లెక్క. మిగతావి ఎక్కడ చెడిందో వెతుక్కోవడానికి. ఒకే ప్రశ్న రెండో చోట అడిగితే రెండు ప్రశ్నలుగా లెక్కేశాను.

## దశ 1: తెలిసినవాళ్లను అడగడం (1 నుంచి 3 వారాలు, 10 ప్రశ్నలు)

అన్నీ స్టేటస్‌లోనో, చుట్టాల గ్రూపులోనో, పాత క్లాస్‌మేట్ల గ్రూపులోనో అడిగినవే. మొదటి జవాబు చాలా వేగంగా వచ్చేది, మామూలుగా ఆరు నిమిషాల్లోపే. ఆ వేగం చూసే మోసపోయాను.

వచ్చిన 74 జవాబులను విడదీస్తే ఇలా తేలింది:

- "మెకానిక్‌ని పిలువు", "ప్లంబర్‌ని పిలువు" లాంటివి: 21
- "మాకూ అదే సమస్య": 17
- జోకులు, ఎమోజీలు: 13
- నన్ను తిరిగి ప్రశ్న అడిగినవి: 6
- ఇలా చేసి చూడు అని చెప్పినవి: 17

ఆ పదిహేడింటిలో సగానికి పైగా ఒకే మాట. స్టేటస్‌కు ఇచ్చే జవాబు నాకొక్కడికే కనబడుతుంది. ఒకరు చెప్పింది ఇంకొకరు చూడరు, కాబట్టి తప్పు చెబితే "అది కాదు" అనేవాళ్లు ఉండరు. నలుగురు విడివిడిగా ఒకే తప్పు సలహా ఇస్తే నాకది నాలుగు సాక్ష్యాల్లా కనబడింది. పైగా 24 గంటలకు స్టేటస్ మాయమైపోతుంది. మర్నాడు సాయంత్రం తీరిగ్గా జవాబిచ్చే మనిషికి ప్రశ్నే దొరకదు.

కుళాయి, మొదటి ప్రయత్నం. నేను రాసింది: "వంటింటి కుళాయి కారుతోంది. ఏం చేయాలి?" 14 జవాబుల్లో ఏడు ప్లంబర్‌ని పిలవమన్నవి, నాలుగు వాషర్ మార్చమన్నవి, రెండు జోకులు. మిగిలిన ఒక్కటీ మా అన్నయ్యది. "ఎక్కణ్ణుంచి కారుతోందిరా?" అన్నాడు. "కుళాయి నుంచే అన్నయ్యా" అని రాసి ఒక నవ్వు ముఖం పెట్టాను. పనికొచ్చే ప్రశ్న ఆ పద్నాలుగింటిలో అదొక్కటేనని నాకు తెలియడానికి ఏడు వారాలు పట్టింది.

వాషర్ మార్చాను. నాలుగు రోజులు ఆగి మళ్లీ మొదలైంది. ఇంకోటి మార్చాను, ఈసారి మూడు రోజులు. కొలిచి చూశాను: నిమిషానికి 22 చుక్కలు. కింద సీసా పెడితే 24 గంటల్లో ఇంచుమించు 1.6 లీటర్లు.

పెద్ద గ్రూపు, సున్నా జవాబులు. దాదాపు 180 మంది ఉన్న గ్రూపులో మా ప్రింటర్ చేసే శబ్దం గురించి ఒక ప్రశ్న పెట్టాను. చాలామంది చూసినట్టు కనబడింది. ఒక్కరూ మాట్లాడలేదు. చూసేవాళ్లు ఎక్కువయ్యేకొద్దీ "ఇంకెవరో చూసుకుంటారులే" అనుకోవడం పెరుగుతుందని 1968లో డార్లీ, లటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. వాళ్లది పక్కగదిలో మనిషికి ప్రాణం మీదికొచ్చినట్టు నమ్మించి చేసిన ప్రయోగం, నాది ప్రింటర్ గోల. అయినా జరిగింది అదే.

మార్చింది: అదే ప్రశ్న మర్నాడు ఇద్దరి పేర్లతో పిలిచి అడిగాను. "నువ్వు ఆ మధ్య ఇలాంటి ప్రింటరే విప్పావు కదా, ఈ శబ్దం నీకూ వచ్చిందా?" అరగంటలో ఇద్దరూ జవాబిచ్చారు. వాళ్లు మొదలుపెట్టాక మూడో మనిషి కూడా వచ్చాడు.

ఈ దశలో నిజంగా ఫలించింది ఒక్కటే. ఫోన్ ఛార్జింగ్ కేబుల్ వదులుగా ఉంటోంది, కొత్త కేబుల్ వేసినా అంతే. "పోర్టులో నూగు చేరుకుని ఉంటుంది, ఫోన్ ఆపేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీసి చూడు" అని ఒక క్లాస్‌మేట్ చెప్పాడు. జేబులో గుడ్డ నూగు గట్టిపడి చిన్న ముద్దలా వచ్చింది. కేబుల్ టక్కున కూర్చుంది. ఇనుప పిన్ను మాత్రం పెట్టవద్దన్నాడు, లోపలి కాంటాక్టులు పాడవుతాయని.

ఇప్పటిదాకా: ప్రశ్నలు 10, జవాబులు 74, చేసి చూసినవి 5, పని అయినవి 1.

## దశ 2: మనుషులు వాళ్లే, ప్రశ్న మార్చాను (4, 5 వారాలు, 8 ప్రశ్నలు)

తప్పు వాళ్లదా నాదా తేల్చుకోవాలంటే రెండింటిలో ఒక్కటే మార్చాలి. అందుకని గ్రూపులు అవే ఉంచి, ప్రశ్న రాసే తీరు మార్చాను. ఇప్పటికీ వాడుతున్న అచ్చు ఇది:

1. మొదటి వాక్యంలోనే ప్రశ్న, చివర ప్రశ్నార్థకం.
2. వస్తువు ఏది, ఎంత పాతది.
3. సరిగ్గా ఏం జరుగుతోంది, ఎప్పటినుంచి.
4. ఇప్పటికే ఏం చేసి చూశాను, ఏమైంది.
5. ఎలాంటి జవాబు కావాలి: కారణమా, మందా, ఏది కొనాలో సలహానా.

నాలుగోది రాయగానే "వాషర్ మార్చు" లాంటి జవాబులు సగం తగ్గాయి. అయిదోది రాస్తే "పిలువు" బ్యాచ్ తగ్గింది. "ప్లంబర్ వచ్చేలోపు నేను చూసుకోదగ్గది ఏమైనా ఉందా?" అని అడిగితే ప్లంబర్‌ని పిలవమని ఎవరూ అనరు కదా.

మొక్క ప్రశ్న, అడగకుండానే తేలింది. ముందు రాసుకున్నది: "కుండీ మొక్క ఆకులు పసుపు అవుతున్నాయి, ఏం వేయాలి?" ఇందులో ఏదో ఒకటి *వేయాలని* నేనే తీర్మానించేశాను. అచ్చులో నింపడం మొదలుపెడితే ఒక్కో గీతకూ మొక్క దగ్గరికి వెళ్లి చూడాల్సి వచ్చింది. పసుపు అయ్యేవి కింది ముదురు ఆకులా, పైన లేతవా? కిందివి. మట్టి పొడిగా ఉందా? వేలు పెడితే రెండో కణుపు దాకా తడి. కుండీ అడుగున కన్నం ఉందా? ఉంది, కానీ వేరూ మట్టీ కలిసి బిరడాలా మూసుకుపోయింది. నీళ్లు ఎక్కువై వేళ్లకు గాలి ఆడడం లేదు. కన్నం పొడిచాను, నీళ్లు తగ్గించాను. పోస్టు చేయలేదు. ఇలా రాస్తుండగానే జవాబు దొరికినవి ఈ దశలో రెండు. వాటిని లెక్కలో చేర్చలేదు.

తలుపు ప్రశ్న. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నా అచ్చు కూడా పట్టుకోలేని తప్పు ఇది. నేను అడిగింది: "ఇనుముకీ చెక్కకీ గట్టిగా పట్టే జిగురు ఏది?" వరసగా జిగురు పేర్లు వచ్చాయి. ఇద్దరు వాదులాడుకున్నారు కూడా. రెండు గంటల తర్వాత మా బాబాయ్ రాశాడు:

"అసలు ఏం అతికిస్తున్నావు?"

"తలుపు మడతబందు, బాబాయ్. పైది ఊడి వస్తోంది."

"స్క్రూ తిప్పితే బిగుస్తోందా, ఊరికే తిరుగుతోందా?"

"ఊరికే తిరుగుతోంది."

"అయితే కన్నం పెద్దదైపోయింది. జిగురుతో బందు అతికిస్తే రేపు తలుపు నీ కాలి మీద పడుతుంది. స్క్రూ తీసి కన్నంలో అగ్గిపుల్లలు దూర్చు, తలకాయలు తీసేసి. వడ్రంగులు వాడే తెల్ల జిగురు ముంచి దూర్చు. రాత్రంతా ఆరనిచ్చి, బయటికొచ్చిన ముక్క కోసేసి, అదే స్క్రూ మళ్లీ బిగించు."

మూడు కన్నాలకు పదకొండు పుల్లలు పట్టాయి. మర్నాడు స్క్రూ కొత్త చెక్కలో దిగినట్టు దిగింది. నాకు కావలసింది మడతబందు నిలబడటం, అడిగింది జిగురు పేరు. ప్రోగ్రామర్లు దీన్ని "ఎక్స్‌వై ప్రాబ్లమ్" అంటారు: అసలు సమస్య ఎక్స్ అయితే, దానికి మనమే ఊహించుకున్న మందు వై గురించి అడగడం. అచ్చులో ఆరో గీత చేర్చాను: "ఇది ఎందుకు అడుగుతున్నానంటే..."

ఇదేమిటి అనే ప్రశ్నలు. వాషింగ్ మెషీన్ వెనక నేల మీద ఒక ప్లాస్టిక్ మూత దొరికింది. ఫోటో పెట్టి అడిగితే పెన్ను క్యాప్ అనీ, కుర్చీ కాలి బుష్ అనీ రకరకాలుగా చెప్పారు. ఫోటోలో పరిమాణం తెలిసే ఆధారమే లేదు మరి. రెండోసారి పక్కన స్కేలు పెట్టి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, దొరికిన చోటు ఒకటి, మొత్తం మూడు ఫోటోలు పెట్టాను. పన్నెండు నిమిషాల్లో తేలింది. మెషీన్ రవాణాలో లోపలి డ్రమ్ము కదలకుండా వెనక పొడవాటి బోల్టులు బిగిస్తారు. ఇంట్లో పెట్టేటప్పుడు అవి తీసేసి, కన్నాలకు ఈ మూతలు పెడతారు. ఒకటి ఊడిపడింది, అంతే. నొక్కితే పోయింది.

చెడినవి: వాషింగ్ మెషీన్‌లో ముక్కిపోయిన వాసన పోవడానికి "పౌడర్ ఇంకాస్త ఎక్కువ వేయి" అన్న సలహా పాటించాను. వాసన పెరిగింది. ఫ్యాన్ కిర్రుమంటోందని ఇంకో ప్రశ్న అడిగాను, ఆ కిర్రు కూడా పోలేదు.

2010లో మోరిస్, టీవన్, పనోవిచ్ అనే పరిశోధకులు 624 మందిని సర్వే చేసి, జనం సోషల్ మీడియాలో పరిచయస్థులను ఏం అడుగుతారో చూశారు. ఎక్కువగా అడిగినవి సిఫార్సులు, అభిప్రాయాలు. నా షీట్‌లోనూ అదే తేడా కనబడింది. "వీటిలో ఏది బాగుంటుంది?" అంటే తెలిసినవాళ్లు చక్కగా చెబుతారు, నా అలవాట్లు వాళ్లకు తెలుసు. "ఇది ఎందుకు పాడైంది?" అంటే వాళ్లకూ నాకు తెలిసినంతే తెలుసు.

ఇప్పటిదాకా: ప్రశ్నలు 18, జవాబులు 113, చేసి చూసినవి 10, పని అయినవి 4.

జవాబులు తగ్గాయి (ప్రశ్నకు ఏడు చొప్పున వచ్చేవి అయిదుకు దిగాయి), పని అయినవి పెరిగాయి. ఒక్కో ప్రశ్న రాయడానికి మాత్రం సగటున 25 నిమిషాలు పట్టింది. ఇది ఎక్కువే.

## దశ 3: తెలియనివాళ్లను అడగడం (6 నుంచి 8 వారాలు, 9 ప్రశ్నలు)

మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగితే, తరచూ కలిసే మనిషి ద్వారా దొరికిందన్నవాళ్లు సుమారు 17 శాతమే. మిగతావాళ్లకు అప్పుడప్పుడూ కలిసేవాళ్లు, ఎప్పుడో గానీ కలవనివాళ్లు చెప్పారు. దగ్గరివాళ్లంతా ఒకే చెరువులో నీళ్లు తాగుతారు, కొత్త కబురు పక్క చెరువు నుంచి రావాలి. కుళాయి కబురు కూడా అంతే అనిపించి, ఒక్కో వస్తువుకు దాని గురించే మాట్లాడుకునే గ్రూపులు వెతికాను: రిపేర్లవి, మొక్కలవి, పాత కంప్యూటర్లవి.

మొదటి వారమే రెండు పోస్టులు అడ్మిన్లు తీసేశారు.

ఒకటి న్యాయమే. అక్కడ పైన పిన్ చేసిన నియమాలు చదవలేదు, అప్పటికే పదిసార్లు అడిగిన ప్రశ్న మళ్లీ అడిగాను. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటులో అయితే ఇలాంటివాటిని "డూప్లికేట్" అని మూసేసి, పాత ప్రశ్నకు లింకు పెడతారు. మొదట్లో అవమానంగా ఉంటుంది గానీ, ఆ లింకులోనే జవాబు ఉంటుంది.

రెండోది నా అతితెలివి. ఇంటర్‌నెట్‌లో సరైన జవాబు కావాలంటే ప్రశ్న అడక్కు, తప్పు జవాబు పెట్టు అనే మాట ఒకటుంది. 1995లో మొదటి వికీ (చదివేవాళ్లే దిద్దగల వెబ్‌సైటు) పెట్టిన వార్డ్ కన్నింగ్‌హామ్ పేరు మీద చలామణీలో ఉంది. సరే చూద్దామని, కావాలనే ఒక తప్పు ముక్క ధీమాగా రాశాను. పది నిమిషాల్లో విరుచుకుపడ్డారు. సరిదిద్దబోతున్నవాళ్లలో ఒకరు నా పాత ప్రశ్న చూసి "ఈయనకు తెలిసే రాశాడు" అని కనిపెట్టారు. పోస్టు పోయింది. అక్కడ నా తర్వాతి ప్రశ్నకు రెండు రోజులు ఎవరూ పలకలేదు. మళ్లీ చేయను.

మార్చిన పద్ధతి:

1. చేరిన రోజు అడగకూడదు. నియమాలు చదివి, రెండు రోజులు ఊరికే చూడాలి.
2. గ్రూపులోపల వెతుకుపెట్టెలో మూడు రకాల మాటలతో వెతకాలి. "కారుతోంది", "లీకేజీ", "చుక్కలు". నేను వాడే మాట వాళ్లు వాడకపోవచ్చు.
3. దొరికిన పాత చర్చ లింకు పెట్టి, "ఇది చూశాను, నాది ఇక్కడ తేడా" అని రాయాలి.

రెండో మెట్టు వల్ల పదకొండు ప్రశ్నలు అసలు అడగాల్సిన పనే రాలేదు. డైరీ మొత్తంలో ఎక్కువ సమయం మిగిల్చింది ఇదే.

కుళాయి, రెండో ప్రయత్నం. ఈసారి అచ్చు ప్రకారం రాశాను: నిమిషానికి 22 చుక్కలు, వాషర్ రెండుసార్లు మార్చాను, మొదటిది నాలుగు రోజులు, రెండోది మూడు రోజులు ఆగింది. మూడు గంటల దాకా ఎవరూ లేరు. తర్వాత ముక్కూమొహం తెలియని ఒకాయన రెండు ప్రశ్నలు వేశారు.

"చుక్క మూతి నుంచి పడుతోందా, పైన స్పిండిల్ దగ్గర ఊరుతోందా?"

స్పిండిల్ అంటే పిడితోపాటు తిరిగే కడ్డీ. మూతి నుంచే, అన్నాను. మా అన్నయ్య మొదటి రోజు అడిగిందీ ఇదే.

"తీసేసిన పాత వాషర్లు ఉన్నాయా? ఉంటే కింది ముఖం ఫోటో పెట్టండి, రెండూ పక్కపక్కన."

చెత్తబుట్టలోంచి ఒకటి, సొరుగులోంచి ఒకటి దొరికాయి. కడిగి తెల్ల కాగితం మీద పెట్టాను. అప్పుడు చూశాను: రెండింటి మీదా ఒకేలాంటి చిన్న కోత. గోరు పెడితే తగులుతుంది. ఫోటో పంపగానే ఆయన రాశారు: "వాషర్ తప్పు కాదండీ. అది కూర్చునే ఇత్తడి సీటు అంచున గాటు పడింది. ఎన్ని వాషర్లు వేసినా ఆ గాటు కోసేస్తుంది. లోపల వేలు పెట్టి అంచు చుట్టూ తడిమి చూడండి."

మెయిన్ వాల్వ్ కట్టేసి, స్పిండిల్ విప్పి, వేలు పెట్టాను. అంచు చుట్టూ నున్నగా వెళ్లి ఒకచోట గరుకుగా పట్టుకుంది. సీటును అరగదీసి సమం చేసే చిన్న చేతి పనిముట్టు ఉంటుందట. ఒకరి దగ్గర అడిగి తెచ్చి ఆరు చుట్లు తిప్పాను. కొత్త వాషర్ వేశాను. చుక్కలు: నిమిషానికి 0. వారం తర్వాత కూడా 0.

వాసన ప్రశ్న కూడా ఈ దశలోనే తెమిలింది, పౌడర్ *తగ్గించమన్నారు*. ముందు తలుపుండే మెషీన్లలో తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో తడీ మురికీ నిలుస్తాయి. ఆ మడత తుడిచి, కింది ఫిల్టర్ కడిగి, బట్టల్లేకుండా 60 డిగ్రీల నీటితో ఒకసారి తిప్పి, ఉతికాక తలుపు తెరిచి ఉంచమన్నారు. మూడో ఉతుకుకు వాసన లేదు.

ఇప్పటిదాకా: ప్రశ్నలు 27, జవాబులు 144, చేసి చూసినవి 16, పని అయినవి 9.

## దశ 4: చెడ్డ జవాబులు (9, 10 వారాలు, 5 ప్రశ్నలు)

బాత్రూమ్ టైల్స్ మీద తెల్ల మరకల గురించి అడిగాను. అన్నింటికంటే ఎక్కువ లైకులు పడిన జవాబు: "బ్లీచ్, టాయిలెట్ క్లీనర్ సమానంగా కలిపి పోయండి, అరగంటలో మెరుస్తాయి."

చదువుతూ సీసా అందుకోబోయాను కూడా. లేబుల్ మీద "వేరే క్లీనర్లతో కలపరాదు" అని ఉంది. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో యాసిడ్ ఉంటుంది. బ్లీచ్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అమోనియా కలిసినా విషవాయువులే. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో ఇది ప్రాణాల మీదికి తెచ్చే పని. లైకు కొట్టినవాళ్లలో ఎంతమంది చేసి చూశారు? ఒక్కరూ చేసి ఉండరు. లైకు అంటే "బాగుందే" అనడమే, "నేను చేశాను" అనడం కాదు. ఆ జవాబు కింద ఎందుకు ప్రమాదమో రాసి, అడ్మిన్‌కు చెప్పి తీయించాను.

ఆ రోజు నుంచి ప్రతి జవాబుకూ ఈ జల్లెడ:

1. చెప్పినాయన స్వయంగా చేశాడా? "మీరు చేశారా, ఏమైంది?" అని అడుగుతాను. విన్నమాట అయితే పక్కన పెడతాను.
2. తప్పయితే ఏం పోతుంది? టూత్‌పిక్ విరిగితే ఫరవాలేదు. కరెంటు, గ్యాస్, మందుల మోతాదు అయితే గ్రూపులో అడగడమే మానేశాను.
3. వస్తువు మీది లేబులో, దాని మాన్యువలో దీనికి విరుద్ధంగా ఉందా?
4. వెనక్కి తిప్పుకోగలనా? తిప్పుకోలేని పని ఆఖరున.

కొన్ని జవాబులు చాట్‌బాట్ రాసింది తెచ్చి అతికించినవని కూడా తెలిసిపోతోంది. ఒకరు నా ప్రింటర్‌లో లేని బటన్ నొక్కమన్నారు, మర్యాదగా, నంబర్లు వేసి. జల్లెడలోని మొదటి ప్రశ్న అడిగితే అవి అక్కడే ఆగిపోతాయి.

నా పొరపాటు, రౌటర్ ఫోటో. ఎర్ర లైటు ఎందుకు వెలుగుతోందని రౌటర్ ఫోటో పెట్టాను. నాలుగు నిమిషాలకు ఒకరు విడిగా మెసేజ్ చేశారు: "అండీ, స్టిక్కర్ మీద మీ వైఫై పాస్‌వర్డ్ కనబడుతోంది." పెద్దది చేసి చూస్తే నిజమే. పోస్టు తీసేసి, పాస్‌వర్డ్ మార్చాను. చేతులు వణికాయి, అబద్ధమెందుకు. ఇప్పుడు ఫోటోను ఒకసారి క్రాప్ చేసి, సీరియల్ నంబర్ల మీద రంగు పూసి, ఆ తర్వాత స్క్రీన్‌షాట్ తీసి ఆ స్క్రీన్‌షాట్ పెడతాను. ఫోన్ కెమెరా ఫోటోలో లొకేషన్ కూడా దాచిపెట్టే వీలుంది, స్క్రీన్‌షాట్‌లో అది రాదు.

ఇదే వారంలో ఇంకోటి. ఒక సర్వీసు పనిచేయడం లేదని బహిరంగంగా రాస్తే పది నిమిషాల్లో "కస్టమర్ కేర్" అన్న పేరుతో ఒకరు వచ్చి ఫోన్ నంబరూ, ఓటీపీ అడిగారు. ఆ ఖాతా పుట్టి మూడు రోజులే అయింది. బ్లాక్ చేశాను.

ఇప్పటిదాకా: ప్రశ్నలు 32, జవాబులు 166, చేసి చూసినవి 19, పని అయినవి 12.

## దశ 5: తిరిగి చెప్పడం (11, 12 వారాలు, 4 ప్రశ్నలు)

షీట్ మొత్తం తిరగేస్తే సిగ్గుపడాల్సిన విషయం ఒకటి కనబడింది. పని అయిన పన్నెండింటిలో ఏమైందో తిరిగి వెళ్లి చెప్పింది నాలుగింటికే. కుళాయి ఆయనకు కూడా "థాంక్సండీ" అని ఊరుకున్నాను, ఆగిందో లేదో రాయలేదు.

ఒక సాయంత్రం కూర్చుని మిగతా ఎనిమిదింటికీ రాశాను: ఏం చేశాను, ఎంత సమయం పట్టింది, ఇప్పుడెలా ఉంది. జవాబు పనిచేయని చోట్లకు కూడా రాశాను, ఎవరినీ తప్పుబట్టకుండా. ఫ్యాన్ కిర్రు దగ్గర అలా రాస్తే అదే చర్చలో ఇంకొకరు కొత్త ఆలోచన ఇచ్చారు. అది ఇంకా చేసి చూడలేదు.

దానితోపాటు నా షీట్‌లో ఆరో కాలమ్ పెట్టాను: జవాబు పూర్తి పాఠం. లింకు మాత్రమే దాచుకుంటే సరిపోదు. యాహూ ఆన్సర్స్ 2005 నుంచి నడిచి 2021 మే 4న మూతపడింది, జనం పోగేసిన ప్రశ్నలూ జవాబులూ దానితోపాటే తెర మీంచి దిగిపోయాయి. ఆర్డ్‌వార్క్ అని ఇంకోటి ఉండేది. ప్రశ్నను అందరి మీదా వెదజల్లకుండా, స్నేహితులూ వాళ్ల స్నేహితుల్లో ఆ విషయం తెలిసిన మనిషిని వెతికి పంపేది. నేను దశ 1లో పేరు పెట్టి పిలవడం నేర్చుకున్నానే, అది మెషీన్ చేసేది. 2010లో గూగుల్ కొనుక్కుంది, మరుసటి ఏడాది మూసేసింది. ఇప్పటికీ నాకు కావలసింది అలాంటిదే.

ఈ దశలో అడిగిన నాలుగింటిలో మూడు అయ్యాయి. ఒక్కో ప్రశ్న రాయడానికి సగటున 9 నిమిషాలు పట్టింది, అచ్చు చేతికి అలవాటైంది.

మొత్తం: ప్రశ్నలు 36, జవాబులు 185, చేసి చూసినవి 23, పని అయినవి 15. అడగకుండానే పాత చర్చల్లో దొరికినవి 11. రాస్తుండగా తేలినవి 2. అడ్మిన్లు తీసేసినవి 2. నేనే హడావుడిగా తీసేసుకున్నది 1.

## చివరి ఎంట్రీ

మొన్న అదే రిపేర్ల గ్రూపులో ఒకావిడ రాశారు: "కుళాయి కారుతోంది, వాషర్ మార్చినా ఆగడం లేదు, ఎవరైనా చెప్పండి." నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే అడిగాను, చుక్క మూతి నుంచా, స్పిండిల్ దగ్గరా? మూతి నుంచేనన్నారు. పాత వాషర్ కింది ముఖం ఫోటో పెట్టమన్నాను, పక్కన స్కేలు పెట్టి.

గంటలో ఫోటో వచ్చింది. పెద్దది చేసి అంచు చుట్టూ చూశాను. కోత లేదు, నున్నగా ఉంది.

"నాకు తెలిసింది ఇంతవరకేనండీ" అని రాసి, నా కుళాయి గాటు కనిపెట్టిన ఆయన పేరు ట్యాగ్ చేశాను.